ఉద్దానం తేనె డైరీ: జీడి పూత నుంచి కానుగ పూత దాకా

జనవరి 7, 2024, ఆదివారం

తొమ్మిది పెట్టెలూ తెరిచి చూశాను. ఏడింటిలో ఈగలు నిండుగా ఉన్నాయి. ఐదో పెట్టెలో రాణి ముసలిదైపోయినట్టుంది, గుడ్లు అక్కడొకటి ఇక్కడొకటి చెదురుగా పెడుతోంది. తొమ్మిదో పెట్టెలో మూడు ఫ్రేముల (పట్టు కట్టుకునే చెక్క చట్రాలు) మీదే ఈగలున్నాయి. దానికి ఇంకో నెల పంచదార పాకం పెట్టినా తేనె గది (పెట్టె మీద తేనె కోసం పెట్టే పైఅర) ఎక్కదు. అయినా వదలను, పిల్లలనైనా పెంచుకోనీ.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మందస దగ్గర ఊరు. ఎకరంన్నర జీడితోట, గట్ల మీద కొబ్బరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మా తాత నాటిన చెట్లు సగానికి పైగా వేళ్లతో సహా లేచిపోయాయి. మరుసటి ఏడు వేసిన అంటుమొక్కలు ఈసారే మొదటిసారి నిండా పూతకొచ్చాయి. పెట్టెలు పెట్టింది నాలుగేళ్ల కింద. అన్నీ మన పుట్టతేనె ఈగలే, ఎనిమిది ఫ్రేముల చిన్న పెట్టెలు. ఇటాలియన్ ఈగలు ఎక్కువ తేనె ఇస్తాయని అందరూ చెబుతారు. వాటికి పెట్టె పెద్దది, ఖర్చు పెద్దది, పూత అయిపోతే లారీ ఎక్కించి వేరే ఊరు తిప్పాలి. నా దగ్గరున్నది స్ప్లెండర్.

పొగకి కొబ్బరి పీచు వాడతాను. మెల్లగా కాలుతుంది, ఘాటు తక్కువ. పెట్టె కాళ్ల కింద చిప్పల్లో నీళ్లు ఎండిపోయి ఉంటే నింపాను. ఈ పని మూడు రోజులు మరిచిపోతే చీమలు నాలుగో రోజు గుర్తు చేస్తాయి.

జనవరి 28, ఆదివారం

పొద్దున్నే నాలుగో పెట్టె ముందు చచ్చిన ఈగలు. లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండొందల దగ్గర ఆపేశాను. చాలావాటికి నాలుకలు బయటికి వేలాడుతున్నాయి. అలా ఉంటే చాలావరకు మందే. పక్క తోట మావయ్య నిన్న పదకొండింటికి, పూత మీద ఈగలు ముసిరి ఉన్న వేళ, టీ దోమకి మందు కొట్టించాడు. ఆయన్ని అనడానికి లేదు. టీ దోమ పూత కాడల్లో రసం పీల్చేస్తే ఆ రెమ్మ మాడిపోతుంది, ఆ ఏటికి పిక్క లేదు.

వెళ్లి మాట్లాడాను. "సాయంత్రం కొట్టమంటే కొడతాను గానీ, ఆ ఏళకి కూలోళ్లు ఉండొద్దేటి?" అన్నాడు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ముందు రోజు రాత్రి ఫోను చేస్తాడు. పొద్దున్నే కొట్టక తప్పకపోతే నేను చీకటితో లేచి గుమ్మాలకి జాలీ బిగించి, పెట్టెల మీద తడిగోనె కప్పి, మధ్యాహ్నం దాకా మూసి ఉంచుతాను. కూలీలు దొరికితే నాలుగు దాటాక కొట్టిస్తాడు, సగం కూలి నాది. లేచివస్తుంటే మావయ్య వెనకనుంచి, "నీ ఈగలు మా పూత మీదే కదురా తింటాయి, మరి మాకేటిస్తావు?" అన్నాడు. ఏప్రిల్లో ఒక సీసా అన్నాను. అప్పుగా రాసుకున్నాను.

ఫిబ్రవరి 5, సోమవారం

రెండో పెట్టెలో నిన్న రాణి గదులు కనిపించాయి. వేరుశనగ కాయ తలకిందులుగా వేలాడినట్టు, ఫ్రేము అడుగు అంచున ఐదు. పోతుటీగల (మగ ఈగలు) గదులకి కూడా మూతలు పడ్డాయి. పుట్టతేనె ఈగల్లో ఆ మూత మధ్యలో సూది మొనంత బెజ్జం ఉంటుంది. మొదటి ఏడు దాన్ని చూసి ఏదో పురుగు తొలిచిందనుకుని ఫ్రేము మొత్తం కోసి పారేశాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఏడుపు ఒకటే తక్కువ.

రాణి గదులు కట్టాయంటే రేపో ఎల్లుండో పాత రాణి సగం ఈగల్ని తీసుకుని ఎగిరిపోతుంది. అందుకే ఈ రోజే విడగొట్టాను. పాత రాణిని పిల్లలున్న మూడు ఫ్రేములతో కొత్త పెట్టెలోకి మార్చి తోట అవతలి చివర పెట్టాను. పాత పెట్టెలో మూత పడిన రాణి గదుల్లో బాగున్నవి రెండు ఉంచి మిగతావి గిల్లేశాను. రాణి గుడ్డు నుంచి బయటికి రావడానికి పదహారు రోజులు. మూత పడ్డాక సుమారు ఎనిమిది. తరవాత బయటికెళ్లి పోతుటీగలతో కలిసి రావాలి, ఆ తరవాత గుడ్లు. ఆ రెండు మూడు వారాలు పెట్టె తెరవకూడదు. తెరవకుండా ఉండటమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం.

ఇప్పుడు పది పెట్టెలు.

ఫిబ్రవరి 27, మంగళవారం

రెండో పెట్టెలో గుడ్లు. ఒక్కో గదికి ఒక్కటి, నిలువుగా. హమ్మయ్య.

మార్చి 4, సోమవారం

తొమ్మిది కిలోల తేనె తీశాను. 1, 3, 4, 7 పెట్టెలవి.

శుక్రవారం శివరాత్రి. శ్రీముఖలింగంలో జనం ఎలా వస్తారో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అభిషేకానికి పాలు, పెరుగు, నెయ్యి, పంచదారతో పాటు తేనె కావాలి. పోయిన ఏడు అక్కడికి ఉత్త చేతులతో దర్శనానికి వెళ్లి, బయట యాభై గ్రాముల సీసాలు ఎలా అమ్ముడవుతున్నాయో చూసి వచ్చాను. ఏడాదిగా అదే బుర్రలో తిరుగుతోంది. అరవై చిన్న సీసాలు జనవరిలోనే కొని పెట్టుకున్నాను.

తేనె ఫ్రేముల్లో పైన సగం గదులకి మైనం మూత పడింది. కింది సగం ఇంకా తెరిచే ఉంది, గదులు మెరుస్తున్నాయి. మూడు వంతులు మూత పడితేగానీ తీయకూడదని శిక్షణలో చెప్పారు. ఫ్రేము అడ్డంగా పట్టుకుని ఒక్కసారి విదిలించాను. చుక్కలు రాలాయి, మరీ ఎక్కువ కాదు. పర్లేదులే అనుకున్నాను.

చేత్తో తిప్పే రెండు ఫ్రేముల యంత్రంలో తీసి, గుడ్డలో వడపోతకి వేసేసరికి రాత్రి పది. గిన్నె మీద మూత సరిగ్గా పెట్టావా అని అమ్మ రెండుసార్లు అడిగింది. గుడ్డ కప్పాను, అది చాల్లే అన్నాను. పొద్దున్న లేచేసరికి మంచు ఎంతలా కురిసిందంటే కొబ్బరాకుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

60 చిన్న సీసాలు (3 కిలోలు), 8 అరకిలోవి, 8 పావుకిలోవి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, పద్నాలుగు అంకెలు, ప్రతి సీసా లేబులు మీదా ఉందో లేదో బావమరిది చూశాడు. ఏడాదికి రూ.100 కట్టే చిన్న రిజిస్ట్రేషనే గానీ, అది లేబులు మీద ఉంటే కొనేవాడి చూపు మారుతుంది.

మార్చి 8, శుక్రవారం

శ్రీముఖలింగం. 52 సీసాలు, ఒక్కోటి రూ.40. మొత్తం రూ.2,080. వంశధారలో స్నానం చేసి తడిబట్టలతో వచ్చినవాళ్లే ఎక్కువ కొన్నారు. ఒక ముసలమ్మ సీసా ఎండకి ఎత్తి చూసి, "ఇది బెల్లం పాకం కాదు కదా బావూ? శివుడికి పోస్తాను మరి, పాపం నీకే తగుల్తాది" అంది. కాదు అన్నాను, ధైర్యంగా. బెల్లం పాకం కాదన్నది నిజమే.

మార్చి 10, ఆదివారం

శ్రీకాకుళం. ప్రకృతి సాగు చేసే ఐదారుగురు రైతులం కలిసి ఆదివారాలు రోడ్డు పక్కన బల్లలు వేసుకుంటాం. బియ్యం, నువ్వులు, కూరలు, నా తేనె. పలాసలో ప్యాసింజరు ఎక్కి, శ్రీకాకుళం రోడ్డులో దిగి, అక్కణ్నుంచి షేర్ ఆటో. అట్టపెట్టె మోకాళ్ల మీద.

ఇక్కడ పరీక్షల సంగతి రాయాలి. తేనె కొనడానికి వచ్చినవాళ్లలో సగం మంది పరీక్షాధికారులు. ఒకాయన గ్లాసులో నీళ్లు పోయించి చుక్క వేశాడు. సూటిగా అడుగుకి దిగింది, "ఇది ప్యూర్" అన్నాడు. ఇంకొకాయన అగ్గిపుల్ల ముంచి గీశాడు. ఒకామె చుక్క కాగితం మీద వేసి వెనక్కి తిప్పి చూసింది. చీమలు పట్టవు, కుక్క ముట్టదు అనేవాళ్లు ఎటూ ఉన్నారు. మా పెట్టెల కింద చిప్పల్లో నీళ్లు ఎందుకు పోస్తున్నానో వాళ్లకి చూపించాలి. చిక్కటి పంచదార పాకం కూడా నీళ్లలో సూటిగానే మునుగుతుంది. ఇదంతా చెప్పబోతే, తప్పించుకుంటున్నాడనుకుంటారు. అందుకే నేనూ గ్లాసు, నీళ్లు బల్ల మీద పెట్టుకుంటాను.

లీటరెంత అని అడిగేవాళ్లతో ఇంకో గొడవ. తేనె నీళ్లకన్నా బరువు. లీటరు సీసాలో కిలోన్నరకి కొంచెం తక్కువ పడుతుంది. కొండ నుంచి వచ్చేవాళ్లు బీరు సీసాతో కొలిచి ఇస్తారు కాబట్టి జనానికి సీసా లెక్కే అలవాటు. నేను త్రాసు చూపిస్తే మోసంలా కనిపిస్తుంది.

ఆరు అరకిలోవి (రూ.350), ఐదు పావుకిలోవి (రూ.190). రూ.3,050. నీళ్ల పరీక్ష చేసినాయన రెండు తీసుకున్నాడు. తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు, మొక్కజొన్న పొత్తు. నేనో పెద్ద వ్యాపారినైపోయినట్టే ఉంది.

మార్చి 24, ఆదివారం

పొద్దున్న ఏడింటికి ఫోను. శ్రీకాకుళంలో కొన్న మేస్టారు. "ఏటి బాబూ, నీ సీసా మూత తీస్తే బుస్సుమంది. పైన నురుగు. కల్లు పోసీలేదు కదా?"

ఇంట్లో మిగిలిన రెండు అరకిలోలు, మూడు పావుకిలోలు తెచ్చి చాప మీద పెట్టాను. ఒక్కొక్కటీ తిప్పాను. ఐదూ బుస్సుమన్నాయి. చిన్న సీసాలు మిగిలిన ఎనిమిదిలో రెండింటి మూతలు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. నాలుక మీద వేసుకుంటే తీపి వెనకాల పులుపు, ముక్కులోకి కల్లు వాసన. అమ్మ ఏమీ అనలేదు. వడపోసిన గిన్నె తోమి బోర్లించిన చోటు వైపు ఒకసారి చూసిందంతే.

తేనె చెడదంటారు. పండిన తేనె చెడదు. పూల నుంచి ఈగ తెచ్చే మకరందంలో సగానికి పైగా నీళ్లే. గదుల్లో పరిచి, రాత్రంతా రెక్కలతో విసిరి నీళ్లు ఆరబెట్టి, ఇక చాలు అనుకున్నాకే మైనంతో మూత వేస్తాయి. మన పుట్టతేనె ఈగ గుమ్మంలో తల బయటికి పెట్టి నిలబడి విసురుతుంది, రాత్రి చెవి పెడితే ఫ్యాను తిరిగినట్టు వినిపిస్తుంది. ఆ పని సగంలో ఉండగానే నేను ఫ్రేము లాక్కున్నాను. తేనెలో పులియబెట్టే సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. నీళ్లు తక్కువగా ఉన్నంతకాలం పడుకుని ఉంటాయి, నూటికి ఇరవై దాటితే లేస్తాయి. పైగా తేనె గాల్లో తేమని లాక్కుంటుంది. మంచు రాత్రి గుడ్డ కప్పి వదిలేశాను కదా, ఆ కాస్తా నేనే కలిపాను.

ఒక్క చిన్న సీసా తీసుకుని గ్లాసుడు నీళ్లలో చుక్క వేసి చూశాను. సూటిగా అడుగుకి దిగింది.

మార్చి 29, శుక్రవారం

రిఫ్రాక్టోమీటరు వచ్చింది, రూ.1,700. గోరింత గాజుపలక మీద చుక్క వేసి, మూత మూసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే చోట గీత. అది చూపే అంకె తేనెలో నీళ్ల శాతం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కలో 20 దాటకూడదు. నా మార్చి తేనె 23.5.

అమ్మిన పదకొండు సీసాల్లో ఏడుగురి ఫోను నంబర్లు ఉన్నాయి. అందరికీ చేశాను. తప్పు నాది, ఆ సీసా తినకండి, కొత్త తేనె తీశాక బదులు ఇస్తాను అన్నాను. ఇద్దరు తిట్టారు. ఒకామె "పోన్లే బాబూ, చెప్పావు" అంది. నీళ్ల పరీక్ష చేసినాయన మాత్రం ఒప్పుకోలేదు. "అది ప్యూరయ్యా, నేను చూశాను కదా" అంటాడు. అభిషేకానికి వెళ్లిన యాభై రెండు సీసాల సంగతి ముసలమ్మకీ శివుడికీ తెలియాలి.

ఏప్రిల్ 3, బుధవారం

పదమూడు కిలోలు. ఈసారి ఫ్రేము నిండా మూత పడినవే. ఒక్కో ఫ్రేము నుంచి ఒక్క చుక్క గాజు మీద వేసి చూశాకే యంత్రంలో పెట్టాను. 19.2, 19.8, 19.6. మూడు ఫ్రేములు నిండా మూత పడి కూడా 20.5 చూపించాయి. సముద్రం ఇంత దగ్గర ఉంటే అంతే మరి. వాటిని తిరిగి పెట్టేశాను. మధ్యాహ్నం ఎండలో తీసి, సాయంత్రానికి వడపోసి, స్టీలు డబ్బాలో పోసి మూత బిగించేశాం. మూత అమ్మే బిగించింది.

రంగు కాస్త ముదురు, జీడి పూత వాసన లీలగా. మావయ్యకి ఆయన సీసా ఇచ్చొచ్చాను. మిగతా ఇద్దరు పక్క తోటల వాళ్లు అరకిలో పంచుకుంటారు. మార్చి సీసాలకి బదులు 3 కిలోలు పక్కన పెట్టాను.

ఏప్రిల్ 9, ఉగాది

పచ్చడిలోకి వేపపూత కోస్తుంటే అన్నీ మన ఈగలే. ఒక్క కొమ్మ వాటికి వదిలేశాను.

ఏప్రిల్ 21, ఆదివారం

ఎన్నికల కోడ్. ఈ రోజు రైలు వదిలి బావమరిది కారులో వెళ్లాం, బదులు సీసాలు కూడా ఉన్నాయని. దార్లో చెక్‌పోస్టు దగ్గర అట్టపెట్టె విప్పమన్నారు. సీసాల వరస చూడగానే కానిస్టేబులు మొహం వెలిగింది. తేనె అని తెలిశాక ఆరిపోయింది. మూత తీసి వాసన చూసి నమ్మాడు. మార్చి బ్యాచి అయ్యుంటే ఏమయ్యేదో.

బదులు సీసాలు ఇచ్చేశాను. నంబరు లేని ముగ్గురిలో ఇద్దరు వాళ్లంతట వాళ్లే కనిపించారు. ఒకాయన సీసా ఎప్పుడో ఖాళీ చేశాడు. "పోయిన్సారి కాస్త పుల్లగా బాగుంది, అలాటిదే లేదేటి?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక నవ్వాను. డబ్బు తీసుకోకుండా పావుకిలో ఇచ్చాను, అనుమానంగా చూసి తీసుకున్నాడు.

గ్లాసు, నీళ్లు తీసేశాను. రిఫ్రాక్టోమీటరు బల్ల మీద పెట్టి, అడిగినవాళ్లని కంటికి పెట్టుకుని చూడమంటున్నాను. పిల్లలు బాగా చూస్తారు. పెద్దవాళ్లు "మరి కలితీ ఇందులో తెలుస్తాదా?" అని అడుగుతారు. తెలియదు, నీళ్లు మాత్రమే తెలుస్తాయి అంటాను. ఆ జవాబుకి ఒకరిద్దరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు కొన్నారు.

ఇంకో రెండు ప్రశ్నలు ప్రతివారం వస్తాయి. ఒకటి, పురిట్లో బిడ్డ నాలుక మీద రాయడానికి. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఆ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. చెబితే "మా అత్త నాకు నాకించలేదేటి, నాను బతకలేదేటి?" అంది ఒకావిడ. దానికైతే నేను అమ్మనని చెప్పాను. రెండోది, కిడ్నీ జబ్బు ఎక్కువున్న మా ఉద్దానం వాళ్లు గొంతు తగ్గించి అడిగేది, కిడ్నీకి మంచిదా అని. ఈ రోజు అడిగినామె చేతిలో ఆసుపత్రి ఫైలు ఉంది. ఇది మందు కాదమ్మా, డాక్టర్ని అడక్కుండా తినకు అన్నాను. సీసా తిరిగి బల్ల మీద పెట్టి, కాసేపు అక్కడే నిలబడి, కూరల బల్ల వైపు వెళ్లింది.

మే 6, సోమవారం

కానుగ పూత, వేప. ఏడు కిలోలు వచ్చేలా ఉంది గానీ 20 దాటని ఫ్రేముల నుంచి తీస్తే ఐదే వచ్చాయి. రంగు లేతగా ఉంది. అమ్మ నాలుకకి చివర్లో చేదు తగిలిందట, నాకు తగల్లేదు.

మే 27, సోమవారం

ఆరో పెట్టె ఖాళీ. మూత తీస్తే మైనపు పురుగు గూళ్లు, పట్టుల్లో సాలెగూడులా తెల్లటి దారాలు, అడుగు పలక మీద నల్లటి రెట్ట. ఈగలు బలహీనపడి పట్టులన్నీ కప్పలేకపోయాయి, పురుగు చేరింది, మన ఈగలు గొడవ పెట్టుకోవు, లేచిపోతాయి. అక్కర్లేని ఫ్రేములు రెండు ఏప్రిల్లోనే తీసేసి ఉండాల్సింది. పట్టులు కాల్చేశాను. పెట్టె ఎండలో పెట్టి లోపల మంట చూపించాను. మళ్లీ తొమ్మిది.

జూన్ 16, ఆదివారం

వానలు మొదలయ్యాయి, పూత లేదు. కిలో పంచదారకి లీటరు నీళ్లు కలిపి చీకటి పడ్డాక పెడుతున్నాను. పగలు పెడితే ఒకదాని మీద ఇంకోటి దోపిడీకి దిగుతాయి. పాకం పెట్టే రోజుల్లో తేనె గదులు తీసేస్తాను. ఆ పాకం మూత పడి కూర్చుంటే దాన్ని తేనె అని అమ్మేవాళ్లు ఉన్నారు, రిఫ్రాక్టోమీటరులో అది కూడా బాగానే కనిపిస్తుంది.

లెక్క: వచ్చింది శివరాత్రి, మార్చి 10 కలిపి రూ.5,130. ఏప్రిల్ తేనె 9 కిలోలు రూ.6,300. మే తేనె 3 కిలోలు రూ.2,100. మొత్తం రూ.13,530. ఖర్చు: సీసాలు, లేబుళ్లు 2,600, పెట్టెలు రెండు 3,600, రిఫ్రాక్టోమీటరు 1,700, రైలు, ఆటో, పెట్రోలు 1,900, పంచదార 600. రూ.10,400. మిగిలింది రూ.3,130, నా కూలి వేసుకోకుండా. బావమరిది ఈ లెక్క చూసి, గేదెని కొనుక్కోమన్నాడు.

మే తేనె రెండు కిలోలు అమ్మలేదు. వచ్చే ఏడు శివరాత్రి ఫిబ్రవరి 26న పడింది, ఈ ఏటికన్నా పది రోజులు ముందు. అప్పటికి జీడి తేనెకి మూతలు పడవు, పడే దాకా నేను ముట్టను. ఆ రెండు కిలోలు 19.4, స్టీలు డబ్బాలో, బియ్యం గదిలో పైఅరలో ఉన్నాయి. నలభై చిన్న సీసాలు వస్తాయి. చలికాలంలో పేరుకుంటే గోరువెచ్చని నీళ్లలో డబ్బా పెట్టాలి. డబ్బా మీద పేరు రాయమంటే అమ్మ బొగ్గుతో "ముఖలింగం" అని రాసింది.